నా చాటింపు నేనే వాపస్ తీసుకున్న రోజు

ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. ముప్పై మూడేళ్లు ఏఎన్ఎం ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో నా చేత సూది వేయించుకుని ఏడ్చిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకుని సబ్ సెంటర్లకు వస్తున్నారు. బజార్లో కనిపిస్తే "సిస్టరమ్మా, నీ కోపం ఇంకా తగ్గలేదా?" అని నవ్వుతారు. తగ్గలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో గొప్ప పని ఏది?" అని అడుగుతుంటారు. కష్టమైన కాన్పు కథో, పోలియో చుక్కల కథో చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం నా తప్పు గురించి చెబుతాను. ఆ తప్పు దిద్దుకున్న రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఉప్పొంగుతుంది కాబట్టి. మీరూ వినండి. మధ్యలో ఫోన్లు చూశారంటే ఊరుకోను.

కరోనా మొదటి లాక్‌డౌన్ అది. సరిగ్గా పసుపు కాలం. మామూలుగా అయితే ఆ రోజుల్లో ఆర్మూరులో అడుగు తీసి అడుగు వేయలేం. పసుపు బస్తాల బండ్లు, దుమ్ము, వాసన, కేకలు. ఆ ఏడు రోడ్డు మీద కుక్కలు తప్ప ఏమీ లేవు. నాకు రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. ఇంట్లో వాళ్లు సెలవు పెట్టమన్నారు. ఎవరు ఇస్తారు సెలవు? పొద్దున్నే మాస్కు కట్టుకుని, భీమ్‌గల్ దారిలో ఉన్న నా ఊళ్లు తిరగడానికి స్కూటీ మీద బయలుదేరేదాన్ని.

మా వైపు ఏ ఊరికి వెళ్లినా గల్ఫ్ మనిషి లేని వాడ ఉండదు. అలా గల్ఫ్ నుంచి వచ్చిన వాళ్ల లిస్టు మా ఫోన్లకు వచ్చేది. వాళ్ల చేతి మీద ముద్ర వేయాలి, తలుపు మీద కాగితం అతికించాలి, పద్నాలుగు రోజులు ఇంట్లోనే ఉండమని చెప్పాలి. ఒక ఊరి చివర ఒక ఇల్లు. ఆయన దుబాయి నుంచి లాక్‌డౌన్‌కు కాస్త ముందు వచ్చాడు. భార్య బీడీలు చుడుతుంది, ఉన్న కాస్త భూమిలో పసుపు వేసింది. జ్వరం లేదు, దగ్గు లేదు. ముద్ర వేస్తుంటే చెయ్యి బుద్ధిగా చాపి, "నేను గడప దాటను సిస్టరమ్మా, మీరు ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు. మంచి మనిషి.

నా తప్పు ఆ పూటే జరిగింది. ఆ ఊరి ఆశ వర్కర్ తన ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని రాలేదు. ఇంకో మూడు ఊళ్లు తిరగాలి. ఇల్లిల్లూ తిరిగి చెప్పే ఓపిక లేదు. ఎదురుగా డప్పు కాకా కనిపించాడు. ఊరి చాటింపులు ఆయనే చేస్తాడు, నెలనెలా నా దగ్గర బీపీ గోలీలు తీసుకుంటాడు. "కాకా, జర చాటింపు చెయ్యి. గా చివరింటికి ఎవలు పోవద్దు, మాట్లాడొద్దు, ఏం ఇయ్యొద్దు, ఏం తీస్కోవద్దు" అని చెప్పి స్కూటీ స్టార్ట్ చేశాను. ఎన్ని రోజులో చెప్పలేదు. రోగం సంగతి కూడా చెప్పలేదు. నా తలలో పద్నాలుగు రోజులు ఉన్నాయి, నోటి నుంచి మాత్రం రాలేదు.

ఆ మాటలకు మా ప్రాంతంలో ఇంకో అర్థం ఉంది. ఊరూరా ఒక కమిటీ ఉంటుంది. ఓట్లేసి గెలిపించింది కాదు, సర్కారు పెట్టిందీ కాదు. ఊరి పెద్దలు కలిసి కూర్చుంటారు, అంతే. గుడికి రంగులు వేయిస్తారు, తాగునీళ్ల ప్లాంటు నడుపుతారు, బెల్టు షాపు వేలం వేస్తారు. అన్ని కమిటీలూ చెడ్డవని నేననను. కొన్నిచోట్ల మాత్రం మాట వినని ఇంటిని వెలివేస్తారు. వెలికి కాగితం ఉండదు. డప్పు చాటింపు ఉంటుంది, "ఫలానా ఇంటికి ఎవరూ పోవద్దు, మాట్లాడొద్దు, ఇవ్వొద్దు, తీసుకోవద్దు" అని. మీరినవాళ్లు కమిటీకి తప్పు, అంటే జరిమానా, కట్టాలి. మళ్లీ డప్పు మోగి రద్దయ్యిందని చెప్పేదాకా ఆ ఇంటి మొహం ఎవరూ చూడరు. ఇదంతా నాకు తెలియక కాదు. ఆలోచించలేదు. పదేళ్లుగా ఆ ఊళ్లో తిరుగుతూ నేను చేసిన నిర్వాకం అది.

పద్నాలుగో రోజు వెళ్లి జ్వరం చూశాను, బాగున్నాడు. తలుపు మీద కాగితం నా చేత్తోనే చింపేశాను. "ఇగ నీకు ఏం లేదు, మంచిగ తిరుగు" అని చెప్పి, రిజిస్టరులో రాసుకుని, పని అయిపోయిందని సంతోషంగా వచ్చేశాను.

ఇంకో ఐదారు రోజులకు, చంటిపిల్లల టీకాల రోజు, సబ్ సెంటర్ తెరిచాను. గేటు బయట, మిగతా ఆడవాళ్లకు దూరంగా, వేపచెట్టు కింద ఆయన భార్య నిలబడి ఉంది. అందరూ వెళ్లేదాకా ఆగింది. దగ్గరికి రమ్మంటే రాలేదు.

"ఏందమ్మా, గంత దూరం నిలవడ్డవ్?"

"నేను వస్తే నువ్వు తప్పు కట్టాలె సిస్టరమ్మా."

నాకు అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పింది. నీళ్ల ప్లాంటు దగ్గర బిందె పట్టనివ్వడం లేదు. కిరాణా కొట్టామె షట్టర్ దించేస్తోంది. పసుపు తవ్వించారు, చేన్లో కుప్ప పోసి ఉంది. పసుపు ఉడికించే బాయిలర్ ట్రాక్టరు మీద వరుసగా చేను చేనుకూ తిరుగుతోంది, వీళ్ల చేను దగ్గరికి వచ్చేసరికి దాటిపోయింది. పక్క చేను వాళ్లది ఉడికింది, వీళ్లది ఎండకు వాడిపోతోంది. ఇంకో నాలుగు రోజులు ఉడకకపోతే ఆ కొమ్ములు ఎందుకూ పనికిరావు. కూలీలను పిలిస్తే వినబడనట్టు వెళ్లిపోతున్నారు.

"రెండేండ్లు దుబాయిల ఒంటరిగ ఉండి వచ్చిండు. ఊళ్లెకొచ్చినంక ఒక్కలు గూడ పేరు వెట్టి పిలుస్తలేరు. మూడు దినాల సంది నాతోని గూడ మాట్లాడుత లేడు. గోడ దిక్కు జూసుకుంట కూసుంటుండు. పురుగుల మందు డబ్బా నేను దాచిపెట్టిన. ఎన్ని దినాలు దాచిపెడ్త సిస్టరమ్మా?"

ఆ మనిషికి ఏమైనా అయితే ఎవరు చంపినట్టు? నేనే కదా డప్పు కొట్టించింది.

తిన్నగా కమిటీ పెద్ద దగ్గరికి వెళ్లాను. మర్యాదస్థుడు. కుర్చీ వేయించాడు, చేతులకు శానిటైజర్ పోయించాడు. "మేమేం జేసినం మేడం? మీరే కదా చాటింపు చేపిచ్చిండ్రు. జనం భయపడ్తుండ్రు. రోగమాయె మరి" అన్నాడు. రోగం లేదని రిజిస్టరు చూపించాను. రిజిస్టరు వైపు చూడనైనా చూడలేదు. కాసేపటికి అసలు మాట బయటపడింది. బెల్టు షాపు వేలం వద్దని పోయినేడు బీడీలు చుట్టే ఆడవాళ్లు గొడవ చేశారు, వాళ్లలో ముందు నిలబడింది ఈమె. "పెద్దల ముంగట తప్పు ఒప్పుకొని, తప్పు కట్టుమనుండ్రి. రేపే డప్పు కొట్టిస్తం" అన్నాడు నవ్వుతూ. నాకు ఒళ్లు మండిపోయింది. నేను రోగం కోసం వేసిన గొళ్లేనికి ఆయన తన తాళం తగిలించుకున్నాడు.

పోలీసు స్టేషన్‌కు పోతే లాక్‌డౌన్ డ్యూటీతో చస్తున్నాం, ఊళ్లో కూర్చొని రాజీ చేసుకోండి అన్నారు. మా ఆసుపత్రి డాక్టరు చిన్న కుర్రాడు, మంచివాడే, భయస్థుడు. "సిస్టర్, మీకు ఏడాది కూడా సర్వీసు లేదు. ఊరి రాజకీయాల్లో వేలు పెట్టకండి. రిపోర్టు రాసివ్వండి, పైకి పంపుతాను" అన్నాడు. రిపోర్టు పైకి వెళ్లి కిందికి వచ్చేలోపు కుప్ప కుళ్లిపోతుంది. ఆ ఇంట్లో మనిషి సంగతేంటి?

ఆర్మూరులో ఒక వకీలు ఉండేవాడు. మానవ హక్కుల సంఘం మనిషి. నిజం చెబితే, అంతకుముందు నాకు ఆయనంటే గౌరవం లేదు. ఎప్పుడూ ఏదో కరపత్రం పట్టుకుని తిరిగే పనిలేని మనిషి అనుకునేదాన్ని. లాక్‌డౌన్‌లో ఆయన, ఇంకో నలుగురు కలిసి పాస్ తెచ్చుకుని, నడిచి పోయే వలస కూలీలకు అన్నం పెట్టేవాళ్లు, లాఠీ దెబ్బలు తిన్న వాళ్లను ఆసుపత్రికి తెచ్చేవాళ్లు. అలా ముఖం తెలుసు. ఆ సాయంత్రం ఆయన బియ్యం సంచులు కడుతుంటే వెళ్లి జరిగిందంతా చెప్పాను. కమిటీని నాలుగు తిట్లు కూడా తిట్టాను. ఆయన మొత్తం విని, సంచి మూతి కట్టేసి, నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యొద్దు. వెలేసింది కమిటీయా, మీరా?"

తల కొట్టేసినట్టయింది. కోపం చేయొద్దన్నాడు కానీ చేశాను. "నన్నంటవా? నేను జనం పానాలు కాపాడేదాన్ని" అని అరిచాను. ఆయన బియ్యం కొలుచుకుంటూ నిలబడ్డాడు. అరిచి అరిచి నేనే ఆగిపోయాను.

"నేనే" అన్నాను చివరికి.

"గది కాయితం మీద రాసిస్తరా? కమిటోళ్లు ఎన్నడు కాయితం మీద పెట్టరు. వెలి నేరమని వాళ్లకు ఎరుకనే. మీరు రాస్తే గిది ఎట్ల మొదలైందో, ఎన్ని దినాలకో, ఎప్పుడు అయిపోయిందో తెలుస్తది. గది వెట్టుకొని నేను ఆఫీసులల్ల కొట్లాడుత. కాని మీ ఉద్యోగం మీదికి వస్తది, ముందుగాల్నే చెప్తున్న."

పింఛను గుర్తొచ్చింది. అబద్ధం ఎందుకు, చాలా గట్టిగానే గుర్తొచ్చింది. ఆ బియ్యం సంచి మీదే కాగితం పెట్టుకుని రాశాను. చాటింపు నేనే చేయించాను, గడువు చెప్పకపోవడం నా తప్పు, ఆ ఇంట్లో రోగం లేదు అని. సంతకం కింద నా హోదా కూడా రాశాను. కలెక్టరాఫీసు నుంచి ఆర్డరు తేవడానికి మూడు నాలుగు రోజులు పడుతుందన్నాడు వకీలు. పసుపు కుప్పకు ఆ తీరిక లేదు.

మర్నాడు డప్పు కాకా బీపీ గోలీల కోసం వచ్చాడు. చేతికి బీపీ పట్టీ చుడుతుంటే నా ముఖం చూసి, "నీకే బీపీ ఉన్నట్టుంది సిస్టరమ్మా" అన్నాడు. నేను నవ్వలేదు. ఆ ఇంటి సంగతి ఎత్తాను. ఆయన తల దించుకున్నాడు.

"నేను కొట్టిన డప్పే కదా. నాకు గూడ నిద్ర వడ్తలేదు. నిన్నొక మాట అడగాల్ననుకుంటున్న. నువ్వెందుకు వాపస్ తీస్కుంటలేవ్?"

"నేనా? కమిటీ చెప్పాలె కదా కాకా?"

"కమిటోళ్లు నాకేం చెప్పిండ్రు? ఒక్క మాట చెప్పలే. నువ్వు చెప్తే కొట్టిన. నీ చాటింపు మీదనే వాళ్లు బండి నడిపిస్తుండ్రు. చాటింపు ఎవలు చెప్పిస్తే వాళ్లే వాపస్ తీస్కోవాలె. మా బాపు కాలం సంది గదే రివాజు."

స్టేషనుకు పోయాను, ఆసుపత్రికి పోయాను, వకీలు దాకా పోయాను. నా తప్పే నాకిచ్చిన హక్కు ఒకటుందని డప్పు కొట్టే మనిషి చెప్పాల్సి వచ్చింది.

"కొడ్తవా మరి? నిన్ను గూడ వెలేస్తే?"

కాకా మొదటిసారి నవ్వాడు. "నన్ను వెలేస్తే గా చాటింపు ఎవలు జేస్తరు?"

ఆ మాటకు నేను ఎంత నవ్వానో చెప్పలేను. తర్వాత ఏడ్చాను కూడా. ఆయన గోలీలు లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాడు. ఆయనకు ఉన్న ధైర్యం ముందు నా పింఛను భయం ఎంత? ఊరి మీద ఆధారపడి బతికే మనిషి, ఊరి పెద్దలకు ఎదురుగా డప్పు ఎత్తుతానన్నాడు. నా గర్వంలో సగం ఆ మనిషిదే.

మరుసటి రోజు పొద్దున ఏడింటికి తెల్లచీర కట్టుకుని వెళ్లాను. రోజూ కట్టుకునేదే, ఆ రోజు ఇస్త్రీ చేసి కట్టుకున్నాను. నేను ఫోన్ చేసి చెబితే వకీలు మోటారు సైకిల్ మీద వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాడు. కాకా ఎండుగడ్డి మంట మీద డప్పు కాచాడు. బస్సులు ఆగే చోట మొదలుపెట్టాం. డప్పు మోగగానే జనం తలుపుల్లోకి వచ్చారు. ఇంకొకరి చేత చెప్పిస్తే సరిపోదని, నేనే మాస్కు కిందికి లాగి గొంతెత్తాను.

"ఊరోళ్లందరికి చెప్పేదేందంటే, ఇరవై దినాల కింద గా చివరింటికి ఎవలు పోవద్దని చెప్పిచ్చింది నేనే! పద్నాలుగు దినాలకే అని చెప్పకపోవుడు నా తప్పు. గా ఇంట్ల బీమారి లేదు. పోవచ్చు, రావచ్చు, మాట్లాడొచ్చు, నీళ్లియ్యొచ్చు, పనికి పోవచ్చు. నా చాటింపు నేను వాపస్ తీస్కుంటున్న!"

జీవితంలో ఎన్నిసార్లు అరిచానో. పిల్లల మీద, మగవాళ్ల మీద, టీకాలకు రాని తల్లుల మీద. నా తప్పు నేను అరిచి చెప్పడం అదే మొదలు. మొదటి మూల మీద గొంతు వణికింది. రెండో మూలకు వచ్చేసరికి వణకలేదు.

కమిటీ భవనం ముందుకు వచ్చేసరికి పెద్ద, ఇంకో ఐదారుగురు మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఆయన నన్ను వదిలేసి కాకా మీదికి వెళ్లాడు. "ఎవల్నడిగి కొడ్తున్నవ్‌రా?"

"అడిగినామె ఎనకనే వస్తుంది పటేలా" అన్నాడు కాకా. డప్పు మాత్రం దించలేదు.

నేను ముందుకొచ్చాను. "గీ చాటింపు నాది. నాది నేను తీస్కుంటున్న. మీది వేరే ఏమన్న ఉంటే మీరు చేపిచ్చుకోండ్రి. పేరు చెప్పి, ఎందుకు వెలేసిండ్రో చెప్పి, ఊరి ముంగట చేపిచ్చుకోండ్రి. వద్దన్ననా?"

వకీలు మెల్లగా వచ్చి ఒక తెల్లకాగితం, పెన్ను మెట్టు మీద పెట్టి దూరం జరిగాడు. "రాయుండ్రి పటేలా. ఫలానా ఇంటిని మేము వెలేసినం అని రాసి, అందరు సంతకాలు వెట్టుండ్రి. నేను తీస్కపోయి కలెక్టరాఫీసుల ఇస్త."

ఒక్కరూ పెన్ను ముట్టలేదు. ఒకాయన చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఇంకొకాయనకు చేన్లో పని గుర్తొచ్చింది. పెద్ద మాత్రం, "మేమెక్కడ వెలేసినం? మేమేం అనలే" అన్నాడు.

"ఏం అనలేదట, విన్నరా?" అని నేను ఊరంతా వినబడేలా అరిచాను. "కమిటీ ఏం అనలేదట! తప్పు గిప్పు ఏం లేదట!"

అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బీడీల ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అన్ని రోజులూ ఆమెతో మాట్లాడలేకపోయామన్న సిగ్గు వాళ్లకూ ఉంది. ఒకామె చాట పక్కన పెట్టి లేచి, "నేను నీళ్లు తీస్కపోత" అని ఇంట్లోకి వెళ్లి బిందె తెచ్చింది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక మరో ఇద్దరు. దూరం దూరం నడవండే అని నేను తిడుతూనే ఉన్నాను.

తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను, చివర వేరే మాట చెప్పాలి. బాయిలర్ ట్రాక్టరు ఆ మధ్యాహ్నమే వాళ్ల చేనుకు వెళ్లింది. కుప్పలో కొంత చెడింది, ఎక్కువ భాగం దక్కింది. వకీలు ఊరుకోలేదు, నా కాగితం పట్టుకుని తిరిగి తిరిగి, ఇక మీద ఎవరినీ వెలివేయబోమని కమిటీ చేత అధికారుల ముందు రాయించాడు. ఆ కమిటీ రాసిన మొదటి కాగితం అదేనేమో. నాకు మెమో వచ్చింది, అనుమతి లేకుండా బహిరంగ ప్రకటన చేశారని. ఆ మెమో వచ్చిన రోజు డాక్టరు నాకు ఫోన్ చేయలేదు. మెమోకు జవాబు రాసేటప్పుడు మాత్రం నా ఇంగ్లీషంతా కూర్చుని దిద్దిచ్చాడు. పింఛను వస్తోంది, ఫికర్ లేదు. కాకాను ఎవరూ వెలివేయలేదు.

మీకొక్కటే చెబుతాను అమ్మాయిలూ. మనం తెల్లచీర కట్టుకుని చెప్పే మాట మామూలు మాట కాదు. జనం దాన్ని పట్టుకుని మనిషిని బతికించగలరు, చంపగలరు కూడా. చెప్పేటప్పుడు ఎన్ని రోజులకో చెప్పండి. చెప్పడం మరిచిపోతే, తిరిగి వెళ్లి అదే వీధిలో ఒప్పుకోండి. ఏమీ పోదు.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి. వాడలన్నీ తిరిగి చివరకు అక్కడికి చేరాం. తలుపు ఓరగా వేసి ఉంది. భార్య గుమ్మం పక్కన చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. లోపల గోడ వైపు తిరిగి కూర్చున్న ఆయన వీపు కనిపిస్తోంది. కాకా మూడుసార్లు డప్పు కొట్టాడు. అప్పటికి నా గొంతు బొంగురుపోయింది. ఉన్న గొంతుతోనే మొత్తం చెప్పాను. తప్పు నాదని చెప్పాను, వాపస్ తీసుకుంటున్నానని చెప్పాను. వెనక బిందెలతో ఆడవాళ్లు నిలబడ్డారు. లోపల ఆయన కదల్లేదు. ఆలస్యమైపోయిందేమో అనుకున్నాను.

అప్పుడు లోపలి నుంచి గొంతు వచ్చింది. ఐదు రోజులుగా మాట్లాడని గొంతు, సరిగా వినబడలేదు కూడా.

"సిస్టరమ్మా... గది ఇంకోపారి చెప్తవా?"

కాకా నా వైపు చూడకుండానే డప్పెత్తాడు. నేను మళ్లీ చెప్పాను. ఈసారి చివరిల్లు అనలేదు. ఆయన పేరు పెట్టి, ఇంటిపేరుతో సహా, ఊరంతా వినబడేలా చెప్పాను.